నిక్సీ దీపాలు: వెలగని అంకె జబ్బు

అంకెలను చూపే నిక్సీ దీపాన్ని అమెరికాలోని బరోస్ సంస్థ 1955లో విపణిలోకి తెచ్చింది. రూపకల్పన మాత్రం హేడూ సోదరుల ప్రయోగశాలది. ఆ ప్రయోగశాలను బరోస్ కొనుగోలు చేసింది.

గాజుబుడ్డిలో నియాన్ వాయువు, ఒకదాని వెనుక ఒకటిగా పేర్చిన పది సన్నని లోహపు అంకెలు, వాటి ముందు ఒక జాలీ. సుమారు 170 వోల్టులు అందిస్తే, ఎంచుకున్న అంకెను అంటిపెట్టుకొని వాయువే నారింజరంగులో వెలుగుతుంది. మామూలు బల్బులోలాగా ఇక్కడ తీగ ఎర్రగా కాలదు. సోవియట్ ఐఎన్-14 దీపంలో 5 అంటే తలక్రిందులు చేసిన 2!

వైద్యుడిగా నన్ను ఆకర్షించింది వీటికి వచ్చే జబ్బు. గడియారంలో గంటల పదుల స్థానాన 0, 1, 2 తప్ప మరో అంకెకు పని లేదు. వెలిగే అంకెల నుండి చెదరిన లోహపు రేణువులు పని లేని అంకెలపై పొరగా పేరుకుంటాయి. కొన్నేళ్ళకు వాటిని వెలిగించబోతే సగం అంకె చీకటిగానే ఉండిపోతుంది. కాథోడ్ విషపూరితం కావడమంటే ఇదే. కట్టు కట్టిన కాలిలో కండరం క్షీణించడం గుర్తుకొస్తుంది. అయితే కండరానిది సోమరితనం, అంకెది పొరుగువారి ధూళి. తయారీదారులు కొద్దిగా పాదరసం చేర్చి దీపాల ఆయుష్షు బాగా పెంచారు. ఔత్సాహికుల చికిత్స మరింత సులువు: అన్ని అంకెలనూ వంతులవారీగా కాసేపు వెలిగించడం. అచ్చం ఫిజియోథెరపీ.

1970లలో ఎల్‌ఈడీలు వీటిని తప్పించాయి. ఇటీవల చెక్ దేశంలో దాలిబోర్ ఫార్నీ వీటిని మళ్ళీ చేతితో తయారుచేయసాగాడు. నా బల్లమీది గడియారంలో ఉన్నవి మాత్రం పాత సోవియట్ దీపాలే. రోజూ తెల్లవారుజామున మూడింటికి అవి వ్యాయామం చేస్తాయి.