బాస్కెట్‌బాల్‌లో దాడి పథకాలు

ఐదుగురిలో ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు ఎప్పుడు పరుగు తీయాలో, బంతి చివరికి ఎవరి చేతికి చేరాలో ముందే అనుకుని సాధన చేసిన దాడిని బాస్కెట్‌బాల్‌లో సెట్ ప్లే అంటారు. కోర్టులో వట్టి ‘ప్లే’ అనే పిలుస్తారు. కోచ్ సైగ చేస్తాడు, లేదా ఆట నడిపించే పాయింట్ గార్డు ఒక అంకె అరుస్తాడు. ఈ పథకాలు పుట్టడానికి కోచ్‌ల తెలివి కంటే నిబంధనల ఒత్తిడే పెద్ద కారణం.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నిబంధనల ప్రకారం బంతి పట్టుకున్నవాడు పరుగెత్తకూడదు. అతను ఆగిపోతే కదలాల్సింది మిగతావాళ్లే. 1920లలో ఒరిజినల్ సెల్టిక్స్ జట్టు ఆటగాడు డచ్ డేనర్ట్ బాస్కెట్‌కు వీపు పెట్టి నిలబడి బంతి అందుకునేవాడు. సహచరులు అతని పక్కనుంచి దూసుకుపోతూ దాన్ని తీసుకునేవారు. అదే పివట్ ప్లే.

ఆధిక్యం దొరికిన జట్టు బంతిని దాచుకుని కూర్చోవడం మొదలయ్యాక ఆట చచ్చుబడింది. 1950 నవంబరు 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ 19–18తో మినియాపొలిస్ లేకర్స్‌ను ఓడించింది. ఇరుజట్ల స్కోరూ కలిపితే 37! దీనికి మందు సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ పట్టుదలతో దొరికింది. మంచి మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి 120 షాట్లు వేస్తాయనుకుని, 48 నిమిషాలను, అంటే 2,880 సెకన్లను, 120తో భాగించారు. వచ్చింది 24. బంతి అందిన 24 సెకన్లలో షాట్ వేయాలనే గడియారాన్ని 1954లో అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏ పెట్టగానే జట్టు సగటు స్కోరు 79.5 నుంచి 93.1కి ఎగబాకింది. కబడ్డీ కూతకు 30 సెకన్ల గడువు తెలిసిన పాఠకులకు ఈ తొందర తేలిగ్గానే అర్థమవుతుంది. ఇక ప్రతి పథకమూ గడియారం లోపల ఇమడాల్సిందే.

అలాంటి పథకాల్లో ఒకటైన, ముగ్గురు ఆటగాళ్లు త్రిభుజంగా నిలబడే ట్రయాంగిల్ పద్ధతికి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కోచ్ శామ్ బ్యారీ పునాది వేశాడు. అక్కడ ఆడిన టెక్స్ వింటర్ 1962లో దానిపై పుస్తకం రాశాడు. కోచ్ ఫిల్ జాక్సన్ దాన్ని నమ్ముకుని షికాగో బుల్స్‌తో 6, లేకర్స్‌తో 5 ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు. గొప్ప ఆటగాళ్లున్నారు కాబట్టే గెలిచాడన్న మాటలో కొంత నిజముంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ కోచ్ పీట్ కారిల్ దగ్గర అలాంటి వాళ్లు లేరు. అయినా 1996 కళాశాలల జాతీయ టోర్నీలో అతని కుర్రాళ్లు, డిఫెండర్ ముందుకు తోసుకొచ్చిన క్షణంలో వెనకనుంచి బాస్కెట్ వైపు జారుకునే బ్యాక్‌డోర్ కట్‌తో, అంతకుముందటి ఏడాది విజేత యూసీఎల్‌ఏను 43–41తో ఇంటికి పంపారు. పథకానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఇక మన దేశానికొస్తే, దక్షిణాదిలో ఈ ఆటకు దారి వేసింది 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల. మన దేశంలో తొలి పురుషుల జాతీయ పోటీలు 1934లో ఢిల్లీలో జరిగాయి. జాతీయ సమాఖ్య 1950లో ఏర్పడింది.

బడి జట్లు మొదట నేర్చుకోదగ్గది పిక్ అండ్ రోల్. ఒకడు డిఫెండర్ దారికి అడ్డంగా, అంటే స్క్రీన్‌గా, నిలబడతాడు, బంతి ఉన్నవాడు అతని భుజాన్ని రాసుకుంటూ దాటుతాడు, స్క్రీన్ పెట్టినవాడు వెంటనే బాస్కెట్ వైపు తిరుగుతాడు. దీనికి పొడుగు కంటే సమయస్ఫూర్తి ముఖ్యం. అయితే ఇక్కడా గడియారాన్ని మరవకూడదు: అంతర్జాతీయ సమాఖ్య ఫిబా షాట్ గడువును 1956లో 30 సెకన్లతో మొదలుపెట్టి 2000లో 24కి దించింది. గురితప్పిన షాట్ రింగుకు తగిలాక బంతి మళ్లీ దాడి జట్టుకే దొరికితే ఇప్పుడు 14 సెకన్లే ఇస్తారు. అందుకే ఆ వ్యవధికి సరిపడే పొట్టి పథకాలను జట్లు విడిగా సాధన చేస్తున్నాయి.