కామ్ అంటే మౌనం కాదు

"కాసేపు కామ్‌గా కూర్చోరా" అంటే మన ఇళ్లలో నోరు మూసుకోమనే. తెలుగులో ఆ వాడుక స్థిరపడిపోయింది, అందులో తప్పేమీ లేదు. చిక్కు ఇంగ్లీషులో రాసేటప్పుడే. మీటింగులో ఎవరూ నోరు విప్పలేదని చెప్పడానికి అందరూ కామ్‌గా ఉన్నారని రాస్తే, ఎవరూ ఆందోళన పడలేదని అర్థమవుతుంది. మాట్లాడకపోవడానికి సైలెంట్, క్వయట్ ఉన్నాయి. గంటసేపు వాదించిన లాయరూ కామ్‌గా ఉండొచ్చు. పెదవి విప్పని మనిషి లోపల ఉడికిపోతూ ఉండొచ్చు.

ఈ మాట పుట్టుక నాకు మరీ ఇష్టం. గ్రీకులో 'కౌమ' అంటే వేడి. అది లాటిన్‌లో పగటి ఎండ అయింది. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరింది. మండుటెండకు పనులాపి అందరూ నీడ పట్టున చేరే వేళ ఆవరించే స్తబ్ధతే కామ్ అయిందని నిఘంటుకారుల ఊహ. రోహిణి కార్తె మధ్యాహ్నాలు ఎరిగిన మనకు ఈ లంకె వివరించనక్కర్లేదు. గాలి పడిపోయిన సముద్రానికీ నావికులు ఇదే మాట వాడారు. గాలి వేగాన్ని చెప్పే బ్యూఫోర్ట్ స్కేలులో 0కు పేరు నేటికీ కామే.

స్పెల్లింగులో మాత్రం ఎమ్‌కు ముందు ఎల్ ఉండాలి. తలనొప్పికి రాసుకునే బామ్‌లోలాగే దాన్ని పలకం, కానీ రాస్తాం.