పెద్ద కుక్కలు ఇంట్లో తడపడం – లీష్ దిద్దుబాటు

పెరిగిన కుక్క ఇంట్లోనే ఒంటికి, రెంటికి పోతుంటే చాలామంది దాన్ని మొండితనంగా లెక్కగడతారు. నిజానికి దాని వెనక జబ్బో, భయమో, సరిగా పడని అలవాటో ఉంటుంది. ఏళ్ల తరబడి శుభ్రంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి నేల తడపడం మొదలుపెడితే ముందుగా పశువైద్యుడికి చూపించాలి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, కుషింగ్స్ వ్యాధి దీనికి కారణం కావచ్చు. గర్భసంచి తీయించిన ఆడకుక్కల్లో కొన్నింటికి నిద్రలోనే మూత్రం కారుతుంది. మందులతో అది చాలావరకు అదుపులోకి వస్తుంది. ముసలితనంలో మతి తప్పి, నేర్చుకున్న అలవాటునే మరిచిపోయే కుక్కలూ ఉన్నాయి.

జబ్బు లేదని తేలాక తీరు గమనించాలి. మగకుక్క కాలెత్తి మూలమూలనా కాసింత పోస్తే అది తన హద్దు చాటుకోవడం. ఇంట్లో ఎవరూ లేనప్పుడే జరిగితే ఒంటరితనపు బెంగ కావచ్చు. మనిషి తన మీదికి వంగగానే ఒదిగిపోయి పోసే కుక్కది భయం. కసిరితే ఆ భయం ఇంకా ముదురుతుంది.

మరి శిక్ష? అమెరికన్ శిక్షకుడు విలియం కోలర్ 1962లో తెచ్చిన పుస్తకం లాగితే మెడకు బిగుసుకునే గొలుసు (చోక్ చైన్)తో లీష్‌ను గుంజి దిద్దే పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది. దిద్దుబాటు న్యాయంగా ఉండాలంటే కుక్కకు ఆ పని ముందే వచ్చి ఉండాలి, తప్పు చేస్తున్న క్షణంలోనే దిద్దాలి అని ఆ పద్ధతిని సమర్థించేవారే చెబుతారు. ఇల్లు తడిపే కుక్క విషయంలో చాలాసార్లు ఈ రెండూ కుదరవు. గంట తర్వాత మడుగు దగ్గరికి లాక్కెళ్లి గుంజితే కుక్కకు తెలిసేది యజమాని కోపం ఒక్కటే. దాని 'తప్పుచేసిన ముఖం' కూడా సాక్ష్యం కాదు. తప్పు చేసినా చేయకపోయినా, తిట్టినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపిస్తుందని కుక్కల ప్రవర్తనను పరిశోధించే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రయోగంతో చూపారు. పైగా మెడపట్టీ మీద లాగుడు పడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఒంటికి తొడిగే హార్నెస్‌తో మాత్రం ఒక అధ్యయనంలో ఆ పెరుగుదల కనిపించలేదు. అమెరికా పశువైద్య ప్రవర్తనా నిపుణుల సంఘం 2021లో శిక్షణంతటికీ బహుమతి పద్ధతులనే సిఫారసు చేసింది.

లీష్‌కు ఇక్కడ వేరే పని ఉంది. నిద్ర లేవగానే, తిన్న తర్వాత, ఆడిన తర్వాత దానితో కుక్కను రోజూ ఒకే చోటికి తీసుకెళ్లాలి. పని కాగానే అక్కడే తినేదేదైనా నోటికి అందించాలి, ఇంటికొచ్చాక కాదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుల వాళ్లు లిఫ్టుకు పట్టే సమయాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. తడిసిన చోటును ఎంజైమ్ ద్రావణంతో కడగాలి. అమ్మోనియా ఉన్నవి వాడితే ఆ వాసన మూత్రాన్ని తలపించి కుక్కను మళ్లీ అక్కడికే రప్పించవచ్చు.

ఇంట్లో పోస్తోందని కుక్కకు నీళ్లు మాన్పించకూడదు. మూత్రంలో రక్తం కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఎంత ముక్కినా చుక్క రాకపోతే అది ప్రాణాపాయం, క్షణం ఆగకుండా తీసుకెళ్లాలి.