పాకంలో పోసిన నగలు

"కేకు ఎంత పెద్దదైనా ఫర్వాలేదమ్మాయ్. దాని మీద మా అమ్మ నగలు ఉండాలి. అన్నీ ఉండాలి. ఒక్కటి తగ్గినా నేను ఒప్పుకోను."

తాడేపల్లిగూడెంలో ఇంటి ముందు గదినే బేకరీగా మార్చుకున్న ఒకావిడ దగ్గర కూర్చుని, కైకలూరు వైపు నుంచి వచ్చిన పెళ్లికూతురి మేనత్త పెట్టిన షరతు అది. చేపల చెరువులున్న ఇంటి ఆడపడుచు. బేరం తెలిసిన మనిషి. కేజీ ధర అడగలేదు, పెళ్లి ఏ రోజో కూడా ఇంకా చెప్పలేదు. ముందు ఫోన్ తీసి, తన తల్లి పెళ్లినాటి ఫొటో చూపించింది. పాపిడిబిల్ల, చంపస్వరాలు, గుత్తపూసల హారం, కాసులపేరు, వంకీ, వడ్డాణం.

ఈ కథలో మనుషులకు పేర్లు పెట్టలేదు. ఏలూరు, గూడెం చుట్టుపక్కల పెళ్లి కేకులు అలంకరించేవాళ్ల పని, వాళ్లకు ఎదురయ్యే గిరాకీలు ఒక్క పెళ్లి చుట్టూ చేర్చి, మాటలు ఊహించి రాసిన పునఃకథనం ఇది. పంచదార, పాకం, కొల్లేటి గాలి చేసే పనులు మాత్రం ఊహ కాదు.

పశ్చిమ గోదావరి వాళ్లు తిండి విషయంలో లెక్క తప్పడం కొత్త కాదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారు. మరుసటి ఏడు భీమవరంలో 173 రకాలతో ఇంకో విందు పేపర్లకెక్కింది. ఆ లెక్కన కేకు మీద ఆరు నగలు ఏపాటి అనిపించవచ్చు. చేసేవాళ్లకి తెలుస్తుంది ఏపాటో.

"ఇన్ని నగలెందుకు ఆంటీ? పెళ్లికూతురు ఎలాగూ వేసుకుంటుంది కదా" అంది బేకరీ ఆవిడ.

"వేసుకోదు. అదే కదా నా బాధ."

గోదావరి జిల్లాల్లో క్రైస్తవం పాతది. 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఆ తర్వాత నరసాపురం చేరారు. ఏలూరు కతోలిక మేత్రాసనం ఏర్పడింది 1976లో. ఇన్నేళ్లలో ఒక్కో సంఘానికి ఒక్కో కట్టుబాటు స్థిరపడింది. కొన్ని సంఘాల్లో ఆడవాళ్లు నగ ముట్టరు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం చూపిస్తారు. పెళ్లికూతురు తెల్లచీరతో, ఒట్టి మెడతోనే వేదిక మీదికి వస్తుంది. మేనత్త పుట్టింటి వాళ్లు కూడా క్రైస్తవులే, కానీ బంగారం పెట్టుకునే సంఘం. పెళ్లికొడుకు వాళ్లది పెట్టుకోని సంఘం. అమ్మాయి ఇష్టపడి చేసుకుంటోంది, నగలు వద్దని తనే చెప్పింది. పెద్ద మనవరాలికని నాయనమ్మ దాచిన నగలు బీరువాలోనే ఉండిపోయాయి.

"మెడలో పడకపోతే మానె. కేకు మీదైనా పడాలి" అంది మేనత్త.

అయిదు అంతస్తుల కేకు అనుకున్నారు. పై అంతస్తుకి పాపిడిబిల్ల, కిందికి వస్తూ చంపస్వరాలు, గుత్తపూసలు, కాసులపేరు, వంకీ, అట్టడుగున చుట్టూ వడ్డాణం. పెళ్లికూతురు నిలబడ్డట్టే. ఇంత ఎత్తు కేకుల్లో ఒకటి రెండు అంతస్తులు థర్మోకోల్ డమ్మీలు పెట్టి పైన ఐసింగ్ పూయడం మామూలే, బరువూ ఖర్చూ తగ్గుతాయి. ఆ మాట ఎత్తగానే మేనత్త తల అడ్డంగా ఊపింది.

అసలు తగువు మాత్రం మెరుపు దగ్గర వచ్చింది.

గమ్‌పేస్టుతో, అంటే పంచదార పొడిలో బంక కలిపి ముద్ద చేసిన పదార్థంతో, చేసిన నమూనా వడ్డాణం ఆవిడకి నచ్చలేదు. "ఇది పసుపు ముద్దలా ఉంది. బంగారంలా తళతళలాడాలి" అంటూ సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన బంగారు పొడి. బేకరీ ఆవిడ డబ్బా తిప్పి చూసింది. విషం కాదు అని రాసుంది, అలంకరణకి మాత్రమే అనీ రాసుంది. అందులో ఏమేం కలిపారో లేదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేదు.

"ఇది తినేది కాదు ఆంటీ."

"నగలెవరు తింటారు? తీసి పక్కన పెడతారు."

"పిల్లలు ముందు పీకేది వాటినే. అదొక్కటే కాదు, ఇంకోటి ఆలోచించండి. తినేదైతే అది కేకు. తినలేనిదైతే అది నగ. పెళ్లికొడుకు వాళ్ల పెద్దలు వచ్చి ఇదేంటని అడిగితే ఏం చెబుతారు?"

మేనత్త డబ్బా మూత పెట్టేసింది. చెరువు గట్టు మీద ఇంత సూటిగా ఆవిడకి ఎదురు చెప్పినవాళ్లు ఉండి ఉండరు.

మిఠాయి మీద వేసే వెండి రేకుకే మన దేశంలో నిబంధన ఉంది: వెయ్యికి 999 పాళ్ల స్వచ్ఛమైన వెండి కావాలి, తయారీలో జంతువుల తోలూ పేగూ తగలకూడదు. అలాంటిది పిల్లల నోట్లోకి వెళ్లే పొడి దగ్గర చూసీచూడనట్టు పోవడం నాకూ సబబు అనిపించదు. కంటికి ఇంపుగా ఉందని ఊరూ పేరూ లేని మెరుపులు జల్లే కేకులు బజారులో తక్కువేం లేవు. బేకరీ ఆవిడ తినడానికి పనికొచ్చే రంగుపొడే తెప్పించి, రెండు పూతలు వేసి, ఎండాక మూడో పూత వేసింది. నమూనా మళ్లీ చూసి మేనత్త, "ఇరవై రెండు కేరెట్లు ఉంటుందిలే" అంది. ఆవిడ నోట అది మెప్పే.

కాసులపేరు అంత తేలిగ్గా తెమలలేదు. ఆవిడ ఫొటో చాలదని అసలు హారాన్నే స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. ఆ కాసుల మీద లక్ష్మీదేవి లేదు. విక్టోరియా రాణి తల ఉంది. ఒకప్పుడు బ్రిటిష్ సవరన్లకే కొక్కేలు అతికించి కాసులపేర్లు గుచ్చేవారు. ఒక్కోటి దాదాపు 8 గ్రాములు. బేకరీ ఆవిడ తిండికి వాడదగ్గ సిలికాన్ ముద్ద రెండు పాళ్లూ కలిపి ఒక కాసు మీద అదిమింది. ముద్ద గట్టిపడి అచ్చు తయారయ్యేదాకా మేనత్త ఆ బల్ల దగ్గర నుంచి కదల్లేదు. కాఫీ కూడా అక్కడే తాగింది.

ఆ కాసు మీదున్న రాణిగారి పెళ్లి కేకు కథా చిన్నది కాదు. 1840 ఫిబ్రవరి 10న జరిగిన ఆ పెళ్లిలో పెట్టిన ఒక్క కేకే దాదాపు 300 పౌన్లు తూగింది, చుట్టుకొలత మూడు గజాలు. దాని మీద నిలబెట్టిన బొమ్మలు సుమారు అడుగు ఎత్తువి. మళ్లీ 1947 నవంబరు 20న యువరాణి ఎలిజబెత్ పెళ్లికి మెక్‌విటీ అండ్ ప్రైస్ వాళ్లు చేసిన కేకు నాలుగు అంతస్తులు, తొమ్మిది అడుగుల ఎత్తు. అప్పటికి బ్రిటన్‌లో పంచదారకి ఇంకా రేషనే. కేకు సరుకుల్లో కొన్ని ఆస్ట్రేలియా గర్ల్ గైడ్స్ పంపించారు. దాన్ని కోసింది కత్తిపీటతో కాదు, పెళ్లికొడుకు ఖడ్గంతో. అదే 1947లో తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. రాజుగారింట పంచదారకి కటకట పడిన ఏడే మన దగ్గర పంచదార కంపెనీ పుట్టిందన్నమాట.

నగల్లోకి పాకంతో రాళ్లు పొయ్యడం మరో విద్య. పెళ్లి సారెలో పెట్టే పంచదార చిలకలు చూసినవాళ్లకి సగం తెలిసిన విద్యే అది. చిలకలకి పాకం ముదిరాక గరిటెతో నూరి, తెల్లగా పలుకు కట్టే సమయానికి తడి చెక్క అచ్చుల్లో పోస్తారు. పలుకు కట్టడమే అక్కడ కావలసింది. కెంపుకి పలుకు కట్టిందా, పని చెడిందన్నమాటే. అది అద్దంలా వెలుగుని అవతలికి పోనివ్వాలి. అందుకని పంచదార బదులు ఐసోమాల్ట్ వాడతారు. అదీ బీట్ చక్కెర నుంచి తీసేదే. 170 డిగ్రీలకి కాచినా పంచదారలా గోధుమరంగు తిరగదు, పలుకు కట్టదు, గాలిలో తేమ పీల్చడం కూడా తక్కువ. తక్కువే కానీ, అసలు పీల్చదని కాదు.

తేమ మాట వచ్చింది కాబట్టి కొల్లేరు గురించి చెప్పాలి. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరే సరస్సు, ఉప్పుటేరు మీదుగా తప్ప సముద్రానికి దారి లేనిది, చుట్టూ చేపల చెరువులు. ఆషాఢంలో అక్కడి గాలి చేత్తో పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. పెళ్లి పెట్టుకున్నది ఆషాఢంలోనే. ముహూర్తం పట్టింపు లేని వాళ్లు కనుక, ఏలూరులో మంచి ఏసీ హాలు మామూలుగా దొరకని తేదీకి దొరికింది. మేనత్త అది తన తెలివి అనుకుంది. బేకరీ ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

పెళ్లి ముందురోజు రాత్రి సాయానికి వచ్చిన కుర్రాడు ఎర్ర రాళ్ల ట్రే మూత పెట్టడం మరిచిపోయి అన్నానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కెంపులు చెమటలు పట్టి ఒకదానికొకటి అంటుకున్నాయి. "అక్కా, ఏడుస్తున్నాయి" అన్నాడు. ఆవిడ తిట్టలేదు. మొత్తం గిన్నెలో పడేసి మళ్లీ కరిగించింది. ఐసోమాల్ట్‌లో ఉన్న సుఖం అది. గుత్తపూసలకి అలాంటి సుఖం లేదు. గమ్‌పేస్టు ముత్యాలు, ఆవగింజ కంటే కాస్త పెద్దవి, అరచేతిలో గుండ్రంగా చేసి గుత్తులు గుత్తులుగా అతికించాలి. అర్ధరాత్రి దాటినా హారంలో సగమే అయింది.

3 గంటలకి ఫోన్ మోగింది. మేనత్త.

"పడుకున్నావా అమ్మాయ్?"

"లేదు ఆంటీ. మీరు?"

"మబ్బు పట్టింది కదా, చెరువుల్లో గాలి తగ్గుతుంది. ఏరియేటర్లు వేయించి గట్టు మీదే ఉన్నాం. ఇంట్లో పెళ్లయినా చేపలకి తెలీదు కదా."

మబ్బు పట్టిన రోజు నీటిలోని నాచు పగలు చాలినంత ప్రాణవాయువు చెయ్యదు, రాత్రంతా అది వాడుకుంటూనే పోతుంది, తెల్లారుజామున చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. చెరువుల వాళ్లకి నిద్ర పట్టని వేళ అది. ఆ ఒక్క మాటతో బేకరీ ఆవిడకి అప్పటిదాకా చెప్పలేకపోయింది చెప్పడం కుదిరింది.

"నా చెరువు కూడా అదే ఆంటీ. ఈ మబ్బుకి నగలు నిలవవు. ముందే కేకు మీద పెట్టి తెస్తే దారిలోనే కారిపోతాయి. విడిగా తెచ్చి, గంట ముందు హాల్లో పెడతాను. హాలు ఏసీ మధ్యాహ్నం నుంచే వేయించండి."

అంతకు ముందు నాలుగుసార్లు, పూర్తయిన కేకు పొద్దున్నే తన కళ్ల ముందు ఉండాలని పట్టుబట్టిన మనిషి, "సరే. ఇంకేం కావాలి?" అంది.

"కొత్త థర్మోకోల్ పెట్టెలు. రొయ్యలకి వాడేవి. ఐసు మాత్రం వద్దు."

తెల్లారేసరికి పెట్టెలు వచ్చాయి. అడుగున సిలికా జెల్ పొట్లాలు పరిచి, పైన చిల్లుల పళ్లెం వేసి, నగలు పొట్లాలకి తగలకుండా అమర్చి, టేపు చుట్టారు. గూడెం నుంచి ఏలూరుకి యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. ఉంగుటూరు, కైకరం, పుళ్ల, భీమడోలు. కారు అద్దాలు దించనివ్వలేదు. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా కుర్రాడు పెట్టె ఒళ్లోకి ఎత్తుకున్నాడు.

హాల్లో చివరి కాసు అతికిస్తుండగా పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకాయన వచ్చి నిలబడ్డారు. తెల్లచొక్కా, చేతిలో బైబిలు. కేకుని కింద నుంచి పైదాకా చూశారు.

"ఏమ్మా, మేం వద్దనుకున్నవన్నీ దీనికి తొడిగారా?"

మేనత్త నోరు తెరవబోయింది. బేకరీ ఆవిడ ముందే మిగిలిన కెంపు ఒకటి గిన్నెలోంచి తీసి అందించింది. "తిని చూడండి అయ్యగారూ. మొత్తం పంచదారే."

"నాకు షుగరమ్మా."

"ఇది షుగరున్నవాళ్లకి అంత చెరుపు చెయ్యదండీ. గుప్పెడు తింటే మాత్రం కడుపు జారుతుంది."

ఆయన నోట్లో వేసుకుని పటపట కొరికారు. "తినేసేవైతే మాకేం అభ్యంతరం?" అని, ఇంకోటి ఉందా అన్నట్టు గిన్నె వైపు చూశారు.

కేకు కోసే వేళకి పెళ్లికూతురు వచ్చి, కాసులపేరు ముందు ఆగింది. అత్త మెడలోకి చూసింది. అక్కడా అదే హారం. "అత్తా, నువ్వు వేసుకొచ్చావా?" అని నవ్వి, కేకు మీది కాసు ఒకటి తుంచి అత్త నోట్లో పెట్టింది. ఫొటోగ్రాఫరు మరోసారి పెట్టమన్నాడు, మరో కాసు పోయింది. తర్వాత పిల్లలు వచ్చిపడ్డారు. వడ్డాణం రెండు నిమిషాల్లో ఖాళీ.

మిగిలిన కాసుల వరస మేనత్త తన వాటా కింద తీసుకుని, డబ్బాలో సర్దుకుని కైకలూరు పట్టుకుపోయింది. బాకీ మొత్తం ఆ రాత్రే ఇచ్చేసింది, ఒక్క రూపాయి తగ్గించకుండా. రెండు రోజులయ్యాక ఫోన్.

"ఏమ్మాయ్, మా అమ్మ కాసులపేరు జిగురైపోయిందేంటి? రాణి మొహం కూడా తెలీట్లేదు."

"ఎక్కడ పెట్టారు ఆంటీ?"

"ఫ్రిజ్‌లో."

"ఫ్రిజ్‌లో వద్దన్నాను కదా. బయటికి తీయగానే చెమ్మ పడుతుంది."

"మరి ఎక్కడ పెట్టాలి దీన్ని?"

"నోట్లో ఆంటీ."