పల్నాటి నోట ‘కట్టు’

‘కట్టు’ అనే క్రియకు మొదటి అర్థం తాడుతో బంధించడం. గొడ్డును గుంజకు కడతారు, గడ్డి మోపు కడతారు, గాయానికి గుడ్డ కడతారు. ఆ మాటే తాళికి, చీరకు, ఇంటికి, పన్నుకు, పాటకు, పందేనికి కూడా పాకింది. తమిళ, కన్నడాల్లోనూ ఇంటికీ డబ్బుకూ ఇదే ధాతువు వాడతారు కనుక ఈ విస్తృతి ఇటీవలిది కాదు. పల్నాటి చరిత్రలో ఈ అర్థాలు ఒక్కొక్కటీ ఒక్కో ఘట్టంతో పెనవేసుకొని కనిపిస్తాయి.

12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి మూలం పందెం కట్టడం. గురజాల పక్షాన నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు కోళ్లను పోరుకు దించారనీ, ఓడిన మాచర్లవారు ఏడేళ్లు దేశం విడిచి వెళ్లారనీ కథ. కత్తి కట్టడమంటే పందెంకోడి కాలికి చురకత్తి బిగించడం. మనిషి విషయంలో అదే మాటకు పగబూనడమని అర్థం. కక్ష కట్టడం, జట్టు కట్టడం కూడా ఆ వరసలోవే. పోరు కారంపూడిలో ముగిసింది. ఆ వీరుల గాథను వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. జానపదుడు పాట రాయడు, కడతాడు. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో చెప్పిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. ‘కట్టుబాటు’ కూడా ఈ ధాతువు బిడ్డే. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టిన చాపకూడుతో బ్రహ్మనాయుడు తెంచింది దాన్నే.

ఈ క్రియకు పల్నాట్లో అన్నిటికన్నా బరువైన అర్థం చెల్లించడం. శిస్తు కట్టడం రైతుకు కొత్త కాదు. ఇనాం భూములపై నిర్ణయించిన స్వల్ప పన్నుకు ‘కట్టుబడి’ అనే పేరే ఉండేది. అడవిలో పశువులను మేపుకున్నందుకు కట్టే పుల్లరి మాత్రం మింగుడుపడలేదు. మెట్ట పొలాల పల్నాటికి పశువులే ఆధారం, వాటికి అడవే మేత. 1921లో సహాయ నిరాకరణోద్యమం సాగుతున్నప్పుడు పల్లెలు పుల్లరి కట్టబోమన్నాయి. అధికారులను సాంఘికంగా వెలివేశాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ వంటి నాయకులు జైలు పాలయ్యారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. ‘కట్టం’ అన్న ఒక్క మాటకు పల్నాడు చెల్లించిన మూల్యమది. ఆంధ్ర స్వాతంత్ర్య పోరాట చరిత్రలో దానికి దక్కాల్సినంత చోటు నేటికీ దక్కలేదు.

కోటప్పకొండ చుట్టుపక్కల పల్లెల్లో శివరాత్రి ముందు వినిపించేది ‘ప్రభ కట్టడం’. కొయ్యలు, వెదుళ్లతో ఎత్తైన చట్రం లేపి, రంగులతో అలంకరించి, తాళ్లతో బిగిస్తారు. విద్యుత్తు వచ్చాక దీపాల ప్రభలు మొదలయ్యాయి. బంధించడం, నిర్మించడం అనే రెండర్థాలూ ఇక్కడ ఒకే పనిలో కలిసిపోతాయి.

నిర్మాణమనే అర్థానికి కృష్ణ ఒడ్డే పెద్ద సాక్ష్యం. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలో విజయపురిలో స్తూపాలు, విహారాలు కట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ముంపులో పోనున్న ఆ విజయపురి కట్టడాలను తవ్వితీసి, కొన్నింటిని నాగార్జునకొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్లీ కట్టారు. ఆనకట్టను కూలీలు రాయి మీద రాయి పేర్చి లేపారు. రాతి కట్టుబడితో లేచిన ఆనకట్టల్లో ఇది ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరు. ‘ఆనకట్ట’లోని ‘కట్ట’ కూడా ఈ ధాతువుదే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఒకప్పుడు పుల్లరి కట్టబోమన్న పల్నాట్లో కుడి కాలువ కింది రైతుకు అప్పటినుంచి కట్టాల్సింది నీటి తీరువా.