తలుపు మీద పడుకున్న మనిషి

మలక్‌పేట అనగానే హైదరాబాదు వాళ్లకి గుర్తొచ్చే వాటిలో గుర్రప్పందేల మైదానం ఒకటి. మౌలాలీలో జరిగే పందేలను ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1886లో ఇక్కడికి మార్పించాడు. ఆ మైదానానికి కూతవేటు దూరంలో బెజవాడ హైవే. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా రాత్రీ పగలూ బళ్లు నడిచే రోడ్డు. ఒకచోట గుర్రం పడుతుంది, ఇంకోచోట మనిషి పడతాడు. ఇద్దరికీ విరిగేది ఎముకే. ఆ తర్వాతి కథే వేరు.

పందెపు గుర్రానికి కాలు గట్టిగా విరిగితే చాలాసార్లు దానికి ప్రాణం తీసేసే మందే ఇస్తారు. వినడానికి ఘోరంగా ఉంటుంది కానీ కారణముంది. నాలుగైదు వందల కిలోల జంతువు అది. మోకాలి కింద కండ తక్కువ, అక్కడికి చేరే రక్తమూ తక్కువ. నెలల తరబడి పడుకోలేదు. మూడు కాళ్ల మీద నిలబెడితే మంచి కాళ్ల గిట్టలు లోపల దెబ్బతింటాయి. అమెరికాలో బార్బరో అనే మేటి గుర్రానికి 2006లో పందెంలో కాలు విరిగితే పలకలు వేసి, మరలు బిగించి, ఎనిమిది నెలలు సాకారు. విరిగిన కాలు చాలావరకు కోలుకుంది. చివరికి గిట్టల జబ్బు ముదిరి, 2007 జనవరిలో దానికీ అదే మందు ఇవ్వాల్సి వచ్చింది.

అంటే గుర్రానికి లేనిది వైద్యం కాదు, పడకే. మనిషి పడుకోగలడు. ఇంకొకరు తెచ్చి పెడితే తినగలడు. ఎముకల వైద్యం చరిత్ర అంతా ఈ ఒక్క సదుపాయం చుట్టూ తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

ఎందుకంటే ఎముకను అతికించేది వైద్యుడు కాదు, ఎముకే. విరిగినచోట ముందు నెత్తురు గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మెత్తటి బంకలాంటి పదార్థం పెరుగుతుంది. అందులోకి సున్నం చేరి గట్టిపడుతుంది. తర్వాత నెలలూ ఏళ్లూ పట్టి, పడే బరువుకు తగ్గట్టు ఎముక తన ఆకారాన్ని తనే చెక్కుకుంటుంది. చర్మం మీద గాయం మానితే మచ్చ మిగులుతుంది, ఎముక మాత్రం మళ్లీ ఎముకగానే మానుతుంది. వైద్యుడు చేయాల్సింది ముక్కల్ని సరిగ్గా కూర్చి, కదలకుండా చూసి, చీము పట్టకుండా కాపాడటం. మిగతాది కాలం పని. చేతి మణికట్టుకు ఆరు వారాలైతే, కాలి పిక్క ఎముకకు నాలుగైదు నెలలు కూడా పట్టొచ్చు.

ఈ సంగతి సుశ్రుతుడికి బాగా తెలుసు. సుశ్రుత సంహితలో విరుగుళ్లకు నిదానస్థానంలో ఒక అధ్యాయం, చికిత్సాస్థానంలో ఒక అధ్యాయం ఉన్నాయి. కీలు తప్పడం ఆరు రకాలు, ఎముక విరగడం పన్నెండు రకాలు అని లెక్క. మర్రి, రావి, మేడి, మద్ది లాంటి చెట్ల బెరళ్లతోనూ వెదురుతోనూ బద్దలు కట్టమంటాడు. కట్టు ఎన్నాళ్లకు మార్చాలో రుతువును బట్టి చెబుతాడు: చలికాలం ఏడు రోజులకు, ఎండాకాలం మూడు రోజులకు, మధ్యరకం రోజుల్లో ఐదు రోజులకు. బిగువు మరీ వదులైతే ఎముక నిలవదు, మరీ ఎక్కువైతే వాచి నొప్పి పుడుతుందని హెచ్చరిస్తాడు. తొడ, పిక్క విరిగినవాణ్ణి ‘కపాటశయనం’ మీద పడుకోబెట్టి మేకులకు కట్టమంటాడు. కపాటమంటే తలుపు. తలుపులాంటి చెక్క మీద పడక అన్నమాట.

ఇప్పుడు లండన్‌కి వెళ్దాం. 1756లో పెర్సివాల్ పాట్ అనే పేరున్న శస్త్రవైద్యుడు గుర్రం మీంచి పడ్డాడు. కాలి ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. చుట్టూ చేరినవాళ్లను తనను ముట్టుకోనివ్వలేదు. ముందు ఒక తలుపు కొనిపించాడు, దానికి కర్రలు కొట్టించాడు, మోతగాళ్లను పిలిపించి దానిమీదే ఇంటికి చేరాడు. కాలు తీసేయడానికి అంతా సిద్ధమయ్యాక, గురువు ఒకసారి ప్రయత్నిద్దామనడంతో కాలు దక్కింది. సుశ్రుతుడి పేరు పాట్ విని ఉండే అవకాశం లేదు. విరిగిన కాలికి కుదుపే శత్రువన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఒకేలా తట్టింది. ఈ రోజు రోడ్డు మీద పడినవాణ్ణి చేతులూ కాళ్లూ పట్టి ఆటోలో కుక్కబోయే ముందు మనం గుర్తుంచుకోవాల్సిందీ ఇదే. తొడ ఎముక విరిగితే లోలోపలే లీటరుకు పైగా నెత్తురు కారొచ్చు, బయటికి ఒక్క చుక్క కనపడకపోయినా.

చర్మం చీలిన విరుగుడులో అసలు భయం చీము. ఆ భయం తగ్గింది 1865లో. గ్లాస్గోలో బండి చక్రం ఎక్కి కాలు విరిగిన పదకొండేళ్ల కుర్రాడికి జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ కట్టాడు. ఆరు వారాలకు ఎముక అతికింది, కాలు నిలిచింది. ఆధునిక శస్త్రవైద్యం మలుపు తిరిగింది ఒక రోడ్డు ప్రమాదం దగ్గరే.

మత్తుమందు కథలో హైదరాబాదుకూ చోటుంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం డబ్బుతో, 1888లోనూ 1889లోనూ ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందా, గుండెనా అన్నది ప్రశ్న. ఊపిరినే అని తేల్చారు. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ చూపించాడు. అయినా, మూసీ ఒడ్డు ఊరు ప్రపంచ వైద్యపత్రికల్లో చర్చకొచ్చింది. లారీ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 వరదలో పోయింది. ఆ తర్వాత వచ్చినదే ఉస్మానియా. ఎముకలకే ప్రత్యేకంగా ఒక ఆసుపత్రిని 1960లలో నిజాం ట్రస్టు పంజాగుట్టలో పెట్టింది. ఇవాళ మనం నిమ్స్ అంటున్నది దాన్నే.

ఇన్ని ఆసుపత్రులున్నా, నగరంలో ఏ పెద్ద రోడ్డు మీద వెళ్లినా ‘పుత్తూరు కట్టు’ బోర్డు కనపడుతూనే ఉంటుంది. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న పుత్తూరు దగ్గర కొన్ని రాజుల కుటుంబాలు తరతరాలుగా కట్టే కట్టు అది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకమని తీసిపారేస్తారు. నాకలా అనిపించదు. ముక్కలు జరగని మామూలు విరుగుడు ఏ కట్టులోనైనా అతుకుతుంది, సొంతంగా అతుక్కోవడం ఎముక స్వభావం కాబట్టి. నల్లేరుకు సంస్కృతంలో అస్థిసంహారకమని పేరు. కాశీలో ఉడుప, ప్రసాద్ 1960లలో దాని మీద పరిశోధన చేసి, అతుకు త్వరపడుతుందని రాశారు. ఇంగ్లండులోనూ కాలి పట్టీకి పేరు తెచ్చిన హ్యూ ఓవెన్ థామస్ లివర్‌పూల్‌లో నాటు ఎముకల వైద్యుడి కొడుకే. మొదటి ప్రపంచయుద్ధంలో తొడ విరిగిన సైనికుల్లో నూటికి ఎనభై మంది చనిపోయేవారనీ, థామస్ పట్టీ వచ్చాక అది ఇరవైకి దిగిందనీ మామూలుగా చెప్పే లెక్క.

అలాగని కట్టుని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కట్టు బిగిసి లోపల వాపు పెరిగితే కండకు నెత్తురందదు. చేయి గద్ద గోరులా ముడుచుకుపోతుంది. 1881లో ఫోక్‌మాన్ వర్ణించింది దీన్నే. వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా గంటల్లో కట్టు విప్పాలి. పిండికట్టుకైనా ఇదే మాట. చర్మం చీలిన గాయం మీదా, కీలు లోపలి విరుగుడు మీదా పసరు కట్టడం చేజేతులా చేసుకునే చేటు.

ఇది తెలిసీ జనం అక్కడికెందుకు వెళ్తారు? ఖర్చు తక్కువ, అదే రోజు ఇంటికి రావచ్చు. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అన్న సామెత మనది. కాలు విరిగినవాడు తప్పనిసరిగా కూర్చుని తినాలి. కొండలు లేనివాడి సంగతేమిటి? 1939లో జర్మన్ వైద్యుడు కుంచర్ తొడ ఎముక బోలులోకి ఉక్కు కడ్డీ దించాడు. నెలల పడక రోజులకు తగ్గింది. అది కూడా చూడబోతే పడకను కుదించే ప్రయత్నమే. 2005లో 108 బండి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కడ్డీ బీదవాడికీ అందింది. కానీ కార్డు ఆపరేషన్ ఖర్చును ఇస్తుంది, నాలుగు నెలల కూలిని ఇవ్వదు. కాలు అతికేలోపు ఆటో ఫైనాన్సువాళ్లు పట్టుకెళ్లిపోతే, ఎక్స్‌రేలో ఎముక ఎంత బాగా అతికినా ఆ ఇల్లు అతకదు.

ఈ తేడాను అందరికంటే స్పష్టంగా పట్టుకున్నది ఒక కోర్టు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, అంగవైకల్యం శాతమూ సంపాదన కోల్పోయిన శాతమూ ఒకటి కాదని. ఎడమ చేయి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు మొత్తం పోవచ్చు. ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవొచ్చు. డాక్టరు రాసిన శాతాన్ని చూసి ఊరుకోకుండా, ఆ మనిషి ఏ పని చేసేవాడు, ఇప్పుడు ఏం చేయగలడు అని ట్రిబ్యునల్ విడిగా విచారించాలి. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లు పరిహారం కేసు వేసేటప్పుడు తమ పనేమిటో, అందులో ఆ చేతి పాత్రేమిటో వివరంగా చెప్పుకోవాల్సింది ఇందుకే. చాలామంది డిశ్చార్జి కాగితం, బిల్లులు ఇచ్చి ఊరుకుంటారు.

సుశ్రుతుడు తలుపు మీద పడుకోబెట్టమన్నాడు, పాట్ తలుపు కొనుక్కున్నాడు. పాట్ దగ్గర తలుపు కొనడానికి డబ్బుంది, కాలు మానేదాకా ఇల్లు గడిచే దారి ఉంది. ఎముకను నిలబెట్టే విద్య ఇన్ని శతాబ్దాల్లో చాలా దూరం నడిచింది. మంచాన ఉన్నన్నాళ్లూ మనిషిని నిలబెట్టే ఏర్పాటు మాత్రం మన దగ్గర ఇంకా కుంటుతూనే ఉంది.