బొగ్గు బెల్టులో ఆదాయం, బాగోగుల లెక్క: రామగుండం, గోదావరిఖని

ఒక దేశం ఎంత సంపాదిస్తోంది, ఆ సంపాదనతో అక్కడి జనం ఎలా బతుకుతున్నారు అన్న ప్రశ్నలకు అంకెల్లో జవాబు రాబట్టి, వాటిని ఇతర దేశాల అంకెలతో పోల్చి చూసే ప్రయత్నం మన దేశంలో సుమారు నూటయాభై ఏళ్లుగా సాగుతోంది. తెలుగు నేల మీద ఆ ప్రయత్నపు ఫలితాలూ లోపాలూ రెండూ కళ్లకు కట్టే చోటు గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు బెల్టు. అందులోనూ పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. బొగ్గు, కరెంటు, ఎరువు మూడూ ఒకేచోట పుట్టిన ఊళ్లివి. దేశ ఉత్పత్తిలో వీటి వాటా ఎప్పుడూ లెక్కకు వచ్చింది. ఇక్కడి మనుషుల బాగోగులు మాత్రం ఆలస్యంగా, అరకొరగా లెక్కకెక్కాయి.

లండన్ షేర్ల కాలం

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1870ల మొదట్లో ఇల్లందు దగ్గర బొగ్గు పొరలను గుర్తించాడు. నిజాం ప్రభుత్వం ఇచ్చిన హక్కులతో 1886లో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. అప్పటికి ఈ ప్రాంతపు సంపదకు ఉన్న కొలత ఒక్కటే, లండన్ బజారులో ఆ కంపెనీ షేరు పలికే ధర. ఆ షేర్ల కేటాయింపులో జరిగిన అక్రమాలు ఎంత దూరం వెళ్లాయంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీయే విచారణకు కూర్చుంది. మరుసటి ఏడు, 1889లో, తవ్వకం మొదలైంది. మొదటి ఏడాది పైకి తీసిన బొగ్గు 60 వేల టన్నుల లోపే. కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్‌గా మారింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ షేర్లు కొనడంతో ప్రభుత్వ సంస్థ అయింది. నేడు అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

బ్రిటిష్ ఇండియాలో ఆ కంపెనీ పుట్టకముందే మరో రకం లెక్క మొదలైంది. 1867-68 సంవత్సరానికి భారతీయుడి సగటు ఆదాయం ఏడాదికి 20 రూపాయలని దాదాభాయి నౌరోజీ తేల్చాడు. ఆయన అక్కడితో ఆగలేదు. జైల్లో ఖైదీ తిండికీ బట్టకూ సర్కారు పెట్టే ఖర్చును పక్కన పెట్టి చూపించాడు. నేరం చేసినవాడికి దక్కేపాటి తిండి కూడా మామూలు మనిషికి దక్కడం లేదన్నది ఆ లెక్కలోంచి తేలిన నిజం. ఆదాయాన్ని బతుకు అవసరంతో ముడిపెట్టి చూడటం మన దేశంలో అలా మొదలైంది. తర్వాత 1931-32 సంవత్సరానికి వి.కె.ఆర్.వి. రావు మరింత పద్ధతిగా జాతీయాదాయాన్ని లెక్కించాడు.

హైదరాబాద్ సంస్థానంలో ఈ పనికి పూనుకున్నవాడు ఎస్. కేశవ అయ్యంగార్. 1929-30లో ఆయన సాగించిన ఆర్థిక పరిశోధనలు పల్లె కుటుంబాల భూమిని, అప్పును, రాబడిని, ఖర్చును నమోదు చేశాయి. 1949-51లో ఆయనే మళ్లీ గ్రామీణ విచారణ జరిపాడు. ఈ లెక్కల్ని బయటి ప్రాంతాలతో పోల్చాలంటే ముందుగా ఒక చిక్కు విడదీయాలి. సంస్థానానికి సొంత సిక్కా రూపాయి ఉండేది. వంద బ్రిటిష్ రూపాయలకు సుమారు 116 రూపాయల పదణాల సిక్కా ఇవ్వాల్సి వచ్చేది. కనుక హైదరాబాదులో వంద సిక్కాలు సంపాదించేవాడినీ, బెజవాడలో వంద రూపాయలు సంపాదించేవాడినీ సమానం అనడానికి వీల్లేదు. మారకం రేటు సరిచేసినా, రెండు చోట్లా జొన్నలు, బియ్యం, కట్టెలు ఒకే ధరకు దొరకవు. దేశాల పోలికలో ఇప్పటికీ ఎదురయ్యే అసలు సమస్య ఇదే.

దేశం లెక్కలోకి రామగుండం

1934లో అమెరికా సెనేట్‌కు తొలి జాతీయాదాయ అంచనాలు సమర్పించిన సైమన్ కుజ్నెట్స్, జాతీయాదాయాన్ని బట్టి జనం బాగోగులను తేల్చలేమని ఆ నివేదికలోనే హెచ్చరించాడు. తర్వాతి కాలంలో ప్రభుత్వాలు అంకెను తీసుకున్నాయి, హెచ్చరికను వదిలేశాయి. భారత ప్రభుత్వం 1949లో పి.సి. మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ కమిటీని వేసింది. దేశాలన్నీ ఒకే తీరున లెక్క కట్టడానికి ఐక్యరాజ్యసమితి 1953లో జాతీయ ఖాతాల పద్ధతిని ప్రకటించింది.

గోదావరిఖని పట్టణం ఆ తర్వాత పుట్టింది. 1960ల తొలినాళ్లలో ఇక్కడ బాయిలు (భూగర్భ గనులు) తెరుచుకున్నాయి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం మొదలైంది. 1978 నవంబరులో ఎన్టీపీసీ కేంద్రానికి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశాడు. 1983లో తొలి యూనిట్ కరెంటు ఇచ్చింది. చివరికి కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. బొగ్గు నుంచే యూరియా తీసే ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, నష్టాలతో 1999లో మూతపడింది. దాని స్థానంలో గ్యాసుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్) 2021లో ఉత్పత్తిలోకి వచ్చింది.

జిల్లా స్థూల ఉత్పత్తి పట్టికలు చూసేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఆ పట్టికలో పడేది ఆ జిల్లా గడ్డ మీద పుట్టిన విలువ. అది ఎవరి జేబులోకి వెళ్లిందో పట్టిక చెప్పదు. రామగుండం కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ వెళ్తుంది. లాభం యజమాని సంస్థలకు, అక్కడి నుంచి ప్రభుత్వ ఖజానాలకు చేరుతుంది. గనులూ థర్మల్ కేంద్రాలూ ఉన్న జిల్లా తలసరి అంకె పెద్దదిగా కనబడినంత మాత్రాన, అక్కడి కుటుంబాల రాబడి అంత ఉందని కాదు. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు, దేశ సగటు 2,05,579 రూపాయలు. ఈ సగటులో హైదరాబాద్ ఐటీ ఉద్యోగీ ఉన్నాడు, గోదావరిఖని కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు.

బజారు ధరలు, దేశ సూచిక

దేశాల పోలికకు సంబంధించినంతవరకు గోదావరిఖనికి ఉన్న విలువైన అనుభవం బజారు ధరలది. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికను లేబర్ బ్యూరో లెక్కిస్తుంది. 2001 మూల సంవత్సరంగా తయారైన శ్రేణికి దేశవ్యాప్తంగా ఎంచుకున్న 78 కేంద్రాల్లో గోదావరిఖని ఒకటి. ఇక్కడి బియ్యం, పప్పు, నూనె, ఇంటి అద్దె, బడి ఫీజుల ధరలు దేశ సూచికలో కలిసేవి. బొగ్గు కార్మికుడి కరువు భత్యం పెరుగుదల ఆ సూచికను బట్టే ఉంటుంది. 2016 మూల సంవత్సరపు శ్రేణిలో కేంద్రాలు 88కి పెరిగాయి. అందులో తెలంగాణ బొగ్గు బెల్టు తరఫున మణుగూరు ఉంది.

చేతికొచ్చిన రూపాయి ఎంత అని కాకుండా ఆ రూపాయితో ఏమి కొనగలం అని అడగడమే ఈ సూచిక సారం. ప్రపంచ స్థాయిలో ఇదే ప్రశ్నను 1968లో మొదలైన అంతర్జాతీయ ధరల పోలిక కార్యక్రమం అడిగింది. కొనుగోలు శక్తి సమానత అనే పద్ధతి అందులోంచి స్థిరపడింది. 2017 లెక్క ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకూ సేవా మన దేశంలో సుమారు 20 రూపాయల 65 పైసలకు దొరికేవి. అదే ఏడు డాలరు మారకం రేటు 65 రూపాయల దరిదాపుల్లో ఉంది. కాబట్టి మారకం రేటుతో చూస్తే చాలా పేదగా కనిపించే దేశం, కొనుగోలు శక్తితో చూస్తే మూడింతలు పెరిగి కనబడుతుంది. రెండింటిలో ఏది సరైనదన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. ఇంటి సరుకులకు రెండో లెక్క నప్పుతుంది. విదేశం నుంచి బొగ్గు కోసే లాంగ్‌వాల్ యంత్రం తెప్పించాలంటే మారకం రేటు డాలర్లే కట్టాలి.

టన్నులు, మస్టర్లు

గని పరిశ్రమలో దేశాలను పోల్చడానికి వాడే కొలత ఓఎంఎస్. అంటే ఒక మనిషి ఒక షిఫ్టులో తీసే బొగ్గు ఎన్ని టన్నులు అన్నది. విదేశీ గనుల ఓఎంఎస్‌ను చూపించే ఇక్కడ యంత్రాలు దిగాయి. 1983లో లాంగ్‌వాల్, 1989లో ఫ్రెంచి సహకారంతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి గోదావరిఖని బాయిల్లోకి వచ్చాయి. వాటికన్నా ఎక్కువ మార్పు తెచ్చినవి పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు (ఓసీలు). భూగర్భంలో తట్టా చెమ్మస్ (పార)తో టబ్బులు నింపే కోల్ ఫిల్లర్ పనిని ఓసీలో షవెల్, డంపర్ ఎత్తుకున్నాయి.

కార్మికులు కూడా పోలికనే ఆయుధంగా వాడారు. బొగ్గు పరిశ్రమకు దేశవ్యాప్త వేతన ఒప్పందం 1975 జనవరి నుంచి అమలుకు వచ్చింది. ధన్‌బాద్, రాణిగంజ్ కార్మికుడికి దక్కేది గోదావరిఖని కార్మికుడికీ దక్కాలన్న వాదనకు అది ఆధారమైంది. ఒక రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధన మీద 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఒక మస్టరు (ఒక రోజు హాజరు) విలువ ఎంత అన్నది వారికి పూట గడిచే ప్రశ్న. జాతీయ ఖాతాల్లో ఆ 56 రోజులు ఉత్పత్తి నష్టంగా మాత్రమే నమోదవుతాయి.

1990లలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కింది. ఆ దశాబ్దం చివరికి లాభాల్లోకి వచ్చింది. తర్వాత కథ రెండు జతల అంకెల్లో ఉంది. 1990-91లో దాదాపు 1.8 కోట్ల టన్నుల బొగ్గును 1.16 లక్షల మంది తీశారు. 2023-24లో 7 కోట్ల టన్నులను దాదాపు 42 వేల మంది పర్మినెంట్ కార్మికులు, వారితోపాటు సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులు తీశారు. ఉత్పాదకత కొలతలో ఇది ఘనవిజయం. ఊరి కొలతలో చూస్తే, తండ్రి తర్వాత కొడుక్కి ఉద్యోగం అన్న భరోసా సన్నగిల్లి, కాలనీల్లో మనుషులు పలచబడిన కాలం.

2023-24 లాభాల నుంచి కార్మికుల వాటాగా 796 కోట్లు పంచారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు అందాయి. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా వాటా దక్కింది, తలా 5,000 రూపాయలు. తలసరి అంకె దాచిపెట్టే అంతరం ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనబడదు.

బతుకు కొలతలు

ఆదాయం ఒక్కటే చాలదన్న వాదనకు 1990లో రూపం వచ్చింది. అమర్త్యసేన్ ఆలోచనల తోడుతో మహబూబుల్ హక్ మానవాభివృద్ధి సూచికను ముందుకు తెచ్చాడు. ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడూ అందులో కలుస్తాయి. 2025 నివేదికలో 193 దేశాలలో భారత్‌ది 130వ స్థానం. మొత్తం ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి అయిదారు దేశాల వరుసలో ఉన్న దేశం మనుషుల బాగోగుల్లో నూటముప్ఫైలో ఉంది. ఆర్థికంగా కుప్పకూలి లేచిన శ్రీలంక కూడా మనకన్నా చాలా పైన ఉంది.

ఈ కొలత జిల్లాల దాకా దిగింది. సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ (సెస్) తయారుచేసిన ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదిక 2007లో వచ్చింది. 2016 అక్టోబరులో పెద్దపల్లి జిల్లా ఏర్పడ్డాక, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దానికి విడిగా పట్టిక వచ్చింది. అంతకుముందు రామగుండం లెక్కలు కరీంనగర్ పెద్ద జిల్లా సగటులో కలిసిపోయేవి. బొగ్గు ఊరికీ వరి ఊరికీ ఒకే సగటు వేయడం రెండింటికీ అన్యాయమే.

అయినా ఏ సూచికలోనూ పడనివి ఇక్కడ చాలా ఉన్నాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ ఏడాది స్థూల ఉత్పత్తిలో వారు తీసిన బొగ్గు ఉంది, వారు లేరు. బొగ్గు దుమ్ము మింగిన ఊపిరితిత్తులకు చేసే వైద్యం ఖర్చు ఉత్పత్తికి కలుస్తుంది, పోయిన ఆరోగ్యం తీసివేతకు రాదు. ఓసీ కింద పోయిన చెలకలు, బ్లాస్టింగుకు బీటలు వారిన గోడలు, ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి) గుట్టల మధ్య ఎండాకాలం పెరిగే వేడి కూడా ఇలాంటివే.

తరిగిపోయే సొత్తు

బొగ్గు తవ్వాక తిరిగి పుట్టదు. స్థూల ఉత్పత్తి ఆ తరుగును ఎన్నడూ తీసివేయలేదు, అమ్ముకున్న ఆస్తిని ఆదాయం కింద రాసుకుంది. పార్థ దాస్‌గుప్తా నాయకత్వంలోని కమిటీ 2013లో భారత్‌కు పర్యావరణాన్ని కలుపుకున్న జాతీయ ఖాతాల నమూనా ఇచ్చింది. 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన కొత్త జాతీయ ఖాతాల పద్ధతి ప్రకారం, ఖనిజాల తరుగును ఉత్పత్తి ఖర్చుగా చూసి నికర ఉత్పత్తిలోంచి తీసివేయాలి. దేశాలు దీన్ని అమలులో పెట్టడానికి కొన్నేళ్లు పడుతుంది.

గని ప్రాంతానికి కొంత తిరిగి ఇవ్వాలని 2015లో చట్టం జిల్లా ఖనిజ నిధులను ఏర్పరిచింది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం అదనంగా ఆ నిధికి జమ కావాలి, ఖర్చులో తాగునీరు, వైద్యం, చదువులకు పెద్దపీట వేయాలి. రామగుండంలో బొగ్గు తర్వాతి కాలానికి సూచనలూ ఉన్నాయి. ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం 2022 జులైలో పూర్తిగా నడకలోకి వచ్చింది. దానికి కావలసిన మనుషులు మాత్రం బాయితో పోలిస్తే చాలా కొద్దిమంది.

దేశ ఆదాయంలో బొగ్గు తరుగును చూపించే మొదటి పట్టిక ఢిల్లీలో తయారవుతుంది. జిల్లా స్థాయిలో అలాంటి పట్టిక కావాలని అడగవలసిన మొదటి హక్కుదారులు గోదావరిఖని, రామగుండం ప్రజలు. ఎంత తవ్వారు, ఎంత మిగిలింది, ఆ డబ్బు ఏ బడికి, ఏ ఆసుపత్రికి వచ్చింది అన్న మూడు వరుసలూ అందులో పక్కపక్కనే ఉండాలి.